చాటెడు తవుడుకు కొన్న మనిషి

ముత్తమ్మ ఇంకా రాలేదు. నాలుగు దాటింది, నల్లా వచ్చే వేళయింది, గ్యాలరీ పొడుగునా బిందెలు వరస కట్టాయి, ఆమె ఖోలీకి మాత్రం తాళం అలాగే వేలాడుతోంది. పక్క ఖోలీ శాంతాబాయి నాకు పీట వేసింది, చాయ్ ఇచ్చింది, ఎవరి బిడ్డవని అడిగింది. పదకొండో గల్లీ సెంట్రింగ్ భూమయ్య కూతుర్ని, మంగళనంటే మీ నాయిన నాకెరికే అని నవ్వింది. ఏం పని మీద వచ్చావంటే బీమా ఆఫీసు నుంచి అన్నాను. అంతే, నవ్వు ఆగిపోయింది. వస్తది కూసో అని గడపలోపల కూర్చుని కొత్తిమీర తుంచడం మొదలుపెట్టింది, తుంచుతూ తుంచుతూ నన్నే చూస్తోంది. చూడనీ. ముత్తమ్మ గ్రాంట్ రోడ్ స్టేషన్ ముందు నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి దిష్టికి అమ్ముతుందట, శనివారం బేరం ఎక్కువట, అందుకే ఆలస్యమట. ఊళ్లో దుకాణాలన్నిటికీ దిష్టి తగలకుండా చూసే మనిషి సొంత కొడుకుని కాపాడుకోలేకపోయింది. నేను వచ్చింది ఆ కొడుకు సంగతి అడగడానికే. పెద్దవ్వా, మీ గంగారాం ఎలా చచ్చిపోయాడు? ఇదీ నేను అడగాల్సిన మాట. దారిలో నాలుగైదు రకాలుగా తిప్పి చూసుకున్నాను, ఎలా తిప్పినా చచ్చిపోయాడు అన్న మాట దగ్గరికే వచ్చి ఆగింది.

ఆఫీసులో ఇది ఇంత కష్టంగా లేదు. అక్కడ గంగారాం ఒక కార్డు. కులకర్ణీ మేడమ్ కిడ్నీల డాక్టరు, పెద్ద దవాఖానలో పనిచేస్తుంది, నిరుడు వర్షాకాలంలో చేతిలో పర్మిషన్ కాగితంతో మా రికార్డు రూముకి వచ్చింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎన్నాళ్లు బతుకుతున్నారో తెలుసుకోవాలట. దవాఖాన కాగితాల్లో తిరిగి వచ్చినవాళ్లే కనపడతారు, రానివాళ్లు ఉన్నారో పోయారో ఎవరికీ తెలియదు. కార్ఖానా పనివాడికి మాత్రం బీమా ఉంటుంది, నెలనెలా మందులు తీసుకుంటాడు, సెలవు చీటీ పెడతాడు, కంటి పొరకో కాలి పుండుకో డిస్పెన్సరీకి వెళ్తాడు, ఆ చీటీలన్నీ చివరికి మా రూములో దుమ్ములో పడతాయి. బతికున్న మనిషి ఊరికే ఉండడు మంగళా, ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు, అందుకే చీటీ వస్తూనే ఉంటుంది అంది మేడమ్. మా పెద్ద క్లర్కుకి నా నోరు పడదు, పీడ విరగడైందని నన్ను ఆమెకి సాయంగా అప్పజెప్పాడు. ఆయనకి వెయ్యి దండాలు. ఆమె దగ్గరే నేను గీత గీయడం నేర్చుకున్నాను. గ్రాఫు కాగితం మీద పైనుంచి మొదలుపెట్టి కుడివైపుకి గీసుకుంటూ పోవాలి, ఒక మనిషి పోయినప్పుడల్లా గీత ఒక మెట్టు కిందకి దిగుతుంది. చీటీలు ఆగిపోయి, ఉన్నాడో లేడో తెలియనివాడికి మెట్టు దిగకూడదు, గీత మీద చిన్న అడ్డగీత పెట్టాలి, ఇక్కడిదాకా బతికే ఉన్నాడు, ఆపైన తెలియదు అని దాని అర్థం. తెలియనివాళ్లను పోయినవాళ్లలో కలిపితే చదివేవాళ్లు హడలిపోతారు, ఉన్నవాళ్లలో కలిపితే మోసపోతారు, తెలియదని రాయడానికి సిగ్గుపడకు అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా గల్లీలో ఎవరూ తెలియదని ఒప్పుకోరు, దారి అడిగినా తెలియకుండానే చెప్పేస్తారు.

అదిగో, నల్లా వచ్చింది. పైపు మొదట దగ్గుతుంది, తర్వాత గాలి వదులుతుంది, తర్వాత నీళ్లు. బిందెలో పడుతున్న ధార చప్పుడు మారుతూ మారుతూ అంచుదాకా వస్తోంది, ఎవరో మరాఠీలో తిట్టారు, ఎవరో తెలుగులో తిరిగి తిట్టారు, ఇద్దరికీ అర్థమైంది. మా గల్లీలోనూ ఇప్పుడిదే చప్పుడు. మా నర్సింహులు ఈపాటికి తలగడ తీసి చెవుల మీద అదుముకుని ఉంటాడు. రోజుకి వాడికి ఇన్ని నీళ్లని కొలత, నోరు తడుపుకోవడానికి కొంచెం, మాత్రలకి కొంచెం, బాగా ఎండిపోతే ఐసు ముక్క. మొన్నటిదాకా ఫాక్‌లాండ్ రోడ్ సినిమా హాల్లో టార్చి పట్టుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టేవాడు నా తమ్ముడు, ప్రతి సినిమానూ ముక్కలు ముక్కలుగా చూసి ఇంటికొచ్చి అతుకు పెట్టి చెప్పేవాడు, వాడు చెప్పిన కథే అసలు సినిమా కన్నా బాగుండేది. ఇప్పుడు వారానికి రెండుసార్లు దవాఖానలో మిషను పక్కన పడుకుని నెత్తురు కడిగించుకుని వస్తున్నాడు, కాళ్లు అరటిబోదెల్లా ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకి తిరిగి. ఒంటికి పోవడం ఎప్పుడో ఆగిపోయింది. కిడ్నీ నేనిద్దామంటే నా నెత్తురు వాడికి కలవలేదు. మమ్మల్ని కన్న మా అవ్వ కిష్టమ్మది కలిసింది. కలిసిందని డాక్టరు చెప్పిన రోజు మా అవ్వ ఎంత సంబరపడిందంటే గ్యాలరీలో గడప గడపకీ వెళ్లి నాదే కలిసింది, నాదే కలిసింది అని చెప్పుకొచ్చింది, పరీక్ష పాసైన పిల్లలా. ఆమె భర్త సంతకం కూడా కావాలన్నారు. సోమవారం సాయంత్రం లోపల సంతకం పడకపోతే మా ఆపరేషన్ తేదీ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, మళ్లీ మన వంతు ఎప్పుడొస్తుందో, అంతవరకు నర్సింహులు ఆగుతాడో లేదో, డాక్టర్లు చెప్పరు, నేను అడగను.

నాయిన సంతకం పెట్టనన్నాడు. పిరికివాడని ఎవరైనా అంటే నేనూరుకోను, పాలమూరు నుంచి వచ్చినప్పటినుంచీ మబ్బులకి తగిలే బిల్డింగుల మీద వెదురు బొంగు పట్టుకుని నిలబడ్డ మనిషి. అదే ఆయనతో వచ్చిన చిక్కు. స్లాబు పోశాక కింద నిలబెట్టిన కట్టెల్లో ఒక్కటి తీస్తే ఏమవుతుందో ఆయన కళ్లతో చూశాడు. మీ అవ్వ నిలబడితే ఈ ఇల్లు నిలబడ్డది, ఆ కట్టె నేను తియ్యనియ్య అంటాడు. నర్సింహులు మీద ప్రేమ లేక కాదు. పొద్దున వాడి కాళ్లు నొక్కేది ఆయనే, మిషను దగ్గరికి వీపున మోసుకెళ్లేది ఆయనే. ఒక్కడు పోతుంటే ఇంకొకరిని కత్తి కిందకి పంపితే ఇద్దరూ పోతారని ఆయన భయం. మా అవ్వ లేకుండా ఆయనకి చాయ్ గ్లాసు ఎక్కడుంటుందో కూడా తెలియదు, పాపం, ఆ మాట పైకి చెప్పలేక కట్టెలనీ స్లాబనీ చెబుతాడు. నిన్న అన్నాల దగ్గర నన్ను అడిగాడు, నువ్వు కాయితాలు చూస్తవ్ గద బిడ్డా, అండ్ల మనోళ్లెవరన్న ఉన్నరా అని. మేడమ్ గీత గురించి చెప్పబోయాను, పదిమందిలో ఇంతమంది బతుకుతున్నారని. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పదిమంది ఎవరో నాకు తెల్వది, మనోళ్లున్నరా? ఒక్కడున్నాడన్నాను. ఏడో గల్లీ, గంగారాం, బిస్కెట్ల కార్ఖానా. ఏమాయె? అబద్ధం చెబుదామనుకున్నాను, నోటిదాకా వచ్చింది కూడా. కార్డు మీద మా బీమా ఇన్‌స్పెక్టరు ఎర్ర సిరాతో రాసింది కళ్ల ముందు కనపడుతుంటే ఎలా చెప్పను? ఆపరేషనైన నాలుగో నెలలో చనిపోయినట్టుంది నాయినా అన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. మా అవ్వ నా వైపు చూసిన చూపు ఇంకా వీపు మీద ఉంది.

అందుకని ఇక్కడికి వచ్చాను. మేడమ్ చెప్పిన పని ఒకటుంది, చనిపోయినట్టు రాసి ఉండి ధ్రువపత్రం లేనివాళ్ల ఇళ్లకి వెళ్లి తేదీ, కారణం కనుక్కోవాలి, మిగతా ఊళ్లకి ఉత్తరాలు పంపాం, మేముండే ఈ కామాటిపురది నేనే చూస్తానన్నాను. అసలు సంగతి అది కాదు. గంగారాం తాగుబోతై ఉండాలని ఏడో గల్లీ దాకా మొక్కుకుంటూ వచ్చాను. తాగి తాగి మందులు మానేసి పోయి ఉండాలి, లేదా బస్సు కింద పడి ఉండాలి, లేదా ఎవడితోనో కొట్లాడి, ఏదైనా సరే, కిడ్నీ వల్ల మాత్రం కాకూడదు. అప్పుడు నాయిన దగ్గరికి వెళ్లి చెప్పొచ్చు, వాడు ఆపరేషన్ వల్ల పోలేదు, వాడి ఖర్మకి పోయాడని. ముక్కూ ముఖం తెలియని మనిషికి చెడ్డ చావు కోరుకోవడం పాపమే. పాపమైతే అవనీ, నా తమ్ముడు మంచం మీద ఉన్నాడు. ఒక్క సంగతి మాత్రం ఆఫీసులోనే నాకు గుచ్చుకుంది. బీమా ఉన్నవాడు పోతే దహనం ఖర్చు ఇస్తారు, ఎంత చదువురానివాళ్లైనా దానికి వస్తారు, ఎవరో ఒకరు చెప్పి పంపిస్తారు. గంగారాం తరఫున ఎవరూ రాలేదు. దుఃఖంలో మర్చిపోయారేమో అనుకున్నాం. ఇప్పుడీ తాళం వైపు చూస్తూ కూర్చుంటే, ఎంత దుఃఖమైతే మాత్రం అనిపిస్తోంది.

మెట్లమీద అడుగులు. ముత్తమ్మ కాదు, ఒక అబ్బాయి, నా ఈడువాడే, చంకలో అట్టల కట్ట. చెప్పులు విడిచి, అవ్వా ఆకలైతుంది అంటూ శాంతాబాయి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆమె కొడుకు కాబోలు. ముఖం గుండ్రంగా పూరీలా పొంగి ఉంది, బుగ్గల మీద నూగు, మెడ కింద కొంచెం కండ. చెంబెడు నీళ్లు ముంచుకుని పైకెత్తి గటగట తాగేశాడు. ఎక్కడా ఆగలేదు. కొలత లేదు, భయం లేదు. మళ్లీ ముంచుకున్నాడు. నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారితే చేత్తో విదిలించేశాడు. నాకు కళ్లు మంట పుట్టాయి, అంత నీళ్లు విదిలించేస్తాడా మనిషి, ఆ విదిలించిన నీళ్లతో మా వాడు ఒక పూట గడుపుతాడు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. జేబులోంచి చిన్న డబ్బా తీశాడు, అరచేతిలోకి మాత్రలు రాల్చాడు, తెల్లవి, ఒక పసుపుది. వాటిని నేనెరుగుదును. మేడమ్ ఒకసారి ఆ రెండింటినీ తన అరచేతిలో పెట్టి చూపించింది, వందల చీటీల మీద పేర్లు రాస్తున్నావు, మందులు కూడా చూడు అని. పెట్టిన కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఇవే ఆపుతాయంది, తెల్లది తిన్నవాళ్ల ముఖం చంద్రుడిలా గుండ్రమవుతుందని కూడా చెప్పింది. తమ్మీ, ఆ గోళీలు దేనికని అడిగాను. కిడ్నీకి అక్కా, అన్నాడు వాడు తేలిగ్గా, పంటినొప్పికి అన్నట్టు. శాంతాబాయి చేతిలో కొత్తిమీర ఆగింది. పెంటయ్యా, లోపటికి రా, అంది గట్టిగా.

పెంటయ్య. పెంటయ్య, అట్టడబ్బాల కార్ఖానా. ఆ కార్డు నాకు గుర్తుంది, గుర్తుండకేం, దానితో మేడమూ నేనూ ఒక పూటంతా తలలు బద్దలు కొట్టుకున్నాం. నెలనెలా కిడ్నీ మాత్రలు తీసుకుంటున్నాడు, ఆపరేషన్ జరిగినట్టు మాత్రం ఎక్కడా చీటీ ముక్క లేదు. ఆపరేషన్ లేనివాడికి ఈ మాత్రలెందుకు, డిస్పెన్సరీలో ఎవరో పొరపాటు రాసుంటారని మేడమ్ దాన్ని పక్కన పెట్టేసింది. ఒకవైపు ఆపరేషన్ అయి చీటీలు ఆగిపోయిన గంగారాం, ఇంకోవైపు ఆపరేషన్ లేకుండా చీటీలు మొదలైన పెంటయ్య. ఏళ్లకేళ్లు లెక్కలు వేసే ఉద్యోగం నాది, ఒకటీ ఒకటీ కలిపితే రెండు అవడమే నాకు తెలుసు, ఇక్కడ ఒకటీ ఒకటీ కలిపితే ఒకటే అవుతోంది. అంత పిచ్చి ఆశ పెట్టుకోవద్దని నాకు నేనే చెప్పుకుంటున్నాను, చెప్పుకుంటూనే పీట మీదనుంచి లేచాను, లేచి అడిగేశాను.

"నువ్వు గంగారామువా?"

శాంతాబాయి ఒక్క ఉదుటున వచ్చి కొత్తిమీర వాసన చేత్తో నా నోరు మూసేసింది. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. మెట్ల దగ్గరనుంచి ముసలి గొంతు వినపడింది, గొంతులో వణుకు లేదు.

"గంగారాం సచ్చిపోయిండు బిడ్డా. నాలుగేండ్లాయె. మీ ఆఫీసోనికి అప్పుడే చెప్పిన."

ముత్తమ్మ. నెత్తి మీద ఖాళీ బుట్ట, నడుముకి నిమ్మకాయ రసం మరకల కొంగు. మనిషి నా భుజం దాకా రాదు. బీమా ఆఫీసు పిల్ల వచ్చిందని కిందే ఎవరో చెప్పి ఉంటారు. తాళం తీస్తూ అదే మాట మళ్లీ అంది, గాలికి వినపడేలా, గోడలకి వినపడేలా. అప్పుడు నాకు తట్టింది, తట్టడానికి ఇంతసేపు పట్టినందుకు నన్ను నేను తిట్టుకున్నాను, పాలమూరువాళ్ల కడుపున పుట్టి పెంటయ్య అన్న పేరు వినగానే తెలియొద్దా? పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఏం చేస్తారో మా అవ్వ చెప్పలేదా? బిడ్డను తీసుకెళ్లి పెంట మీద పడేస్తారు, ఇంకో ఇల్లాలు వచ్చి చాటెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడుతుంది, వెతుక్కుంటూ వచ్చిన చావుకి ఆ పాత బిడ్డ ఆ ఇంట్లో దొరకదు. అయితే అది పురిటి బిడ్డలకి. మీసాలొచ్చిన మగాడికి చేస్తారని నేనెక్కడా వినలేదు.

నేను ఆఫీసు సంగతి వదిలేశాను. కాగితం సంచీలో కుక్కేసి నేల మీద కూర్చుని నర్సింహులు గురించి చెప్పాను, ఉబ్బిన కాళ్లు, ఐసు ముక్క, చెవుల మీద తలగడ, నాయిన పెట్టని సంతకం, సోమవారం. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడిచాను. ముత్తమ్మ వింటూ బుట్టలో మిగిలిన మిరపకాయలు ఏరుతోంది. చివరికి ఒక్కటే అడిగింది, మీ అవ్వ ఇస్తనన్నదా? అన్నదన్నాను. అప్పుడు నా పక్కన కూర్చుంది. కొడుక్కి కిడ్నీ ఇచ్చింది తనేనట. ఇచ్చాక మూడో నెలలో వాడికి జ్వరం పట్టుకుంది, ఒంటికి పోవడం తగ్గింది, నీ కిడ్నీని వాడి ఒళ్లు వద్దంటోంది అన్నారు డాక్టర్లు. ముత్తమ్మకి వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. తన కడుపున పుట్టినవాళ్లను తీసుకెళ్లడానికి ఏదో అలవాటు పడిందని ఆమెకి అర్థమైంది. ఒక తెల్లారి దవాఖాన నుంచి అడిగి తీసుకొచ్చి, నిలబడలేనివాడిని గల్లీ మూల మున్సిపాలిటీ కచరా డబ్బా పక్కన కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. శాంతాబాయి బర్రెల తబేలాకి వెళ్లి తవుడు తెచ్చి, చాటలో పోసి ముత్తమ్మ గడపలో పెట్టి, వాడిని తన ఖోలీకి తీసుకొచ్చుకుంది. కచరా ఎత్తేవాళ్లు ఆగి చూశారట, ఎవరూ నవ్వలేదట. మధ్యాహ్నానికి మళ్లీ దవాఖానకి తీసుకెళ్తే డాక్టర్లు పెద్ద ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, వారానికి జ్వరం దిగింది. మేడమ్ అయితే ఇంజెక్షన్లంటుంది, ముత్తమ్మ తవుడంటుంది, రెంటిలో ఏది పనిచేసినా నాకు సరే, రెండూ చేసి ఉంటే ఇంకా మంచిది. ఇన్‌స్పెక్టరు వచ్చింది ఆ తర్వాతే. గంగారాం ఏడని అడిగితే, చచ్చిపోయాడని గట్టిగా చెప్పి, నమ్మడేమోనని ఏడ్చి కూడా చూపించింది. నిజంగనే ఏడుపొచ్చింది బిడ్డా అంది. రాదా మరి. ఆ రోజునుంచి కన్నకొడుకు పక్క ఖోలీలో అన్నం తింటాడు, శాంతాబాయిని అవ్వా అంటాడు, తనని పెద్దవ్వా అని పిలుస్తాడు. అట్టల కార్ఖానాలో చేరింది కూడా పెంటయ్యగానే, అందుకే కొత్త కార్డు. కిడ్నీ ఇచ్చింది, పిలుపు కూడా ఇచ్చేసింది. నేను గీసిన గీతలో ఎర్ర సిరా మెట్టు ఒకటి ఈ ముసలమ్మ కట్టిన అబద్ధం, అంత అందమైన అబద్ధం నేను మళ్లీ చూడను.

ఇప్పుడు ఈమెని నేనేం అడగాలి? వాడు బతికున్నాడని రాస్తానంటే ఒప్పుకుంటుందా? నా బెంగ ఆమెకి ముందే తెలిసిపోయింది. గంగారాం ఉన్నడని ఎక్కడా రాయకు, రాస్తె అది చదువుతది అంది. అది ఎవరో పేరు పెట్టలేదు. నేనూ పెట్టలేదు. పేరుతో పనిలేదు పెద్దవ్వా, గీతలో పేర్లుండవు, ఒక మెట్టు చెరిపేస్తాను, అంతే అన్నాను. మేడమ్‌కి పేర్లు ఎత్తకుండా ఎలా చెప్పాలో ఇంకా తెలియదు, చెబుతాను, నా నోటికి ఆ మాత్రం చేతకాదా. నా అసలు కోరిక గీత కాదని, వాడిని మా నాయిన ముందు నిలబెట్టడమని ముత్తమ్మకి తెలుసు. వాడిని బయటివాళ్లకి చూపించడమంటే దిష్టి పిలిచినట్టే, పైగా ఆమె పొద్దస్తమానం చేసే పనే దిష్టి తోలడం. చివరికి శాంతాబాయి వైపు తిరిగి, నీ కొడుకును అంతదాంక పంపిస్తవా అక్కా అని అడిగింది. కొనుక్కున్నది ఆమె కదా, అడగాల్సింది ఆమెనే. శాంతాబాయి కళ్లు తుడుచుకుని పంపిస్త అంది. దిగేముందు ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ అవ్వకు చెప్పు, కుట్లు మానేదాంక ఎడమ పక్కకు తిరిగి పండుకోవద్దని. మొదటి దగ్గుకు పానం పోయినట్టయితది, పోదు. బస్, గంతే. నేను రోజూ స్టేషన్ మెట్లెక్కుత."

పోయొస్త పెద్దవ్వా అన్నాడు వాడు. ముత్తమ్మ తలుపు వైపు తిరిగి నిలబడింది.

గల్లీలో నడుస్తున్నాం. వాడు నా పక్కన నడుస్తున్నాడు, చనిపోయినవాడు, నేను రెండుసార్లు సిరా ముంచి మెట్టు దింపినవాడు, చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. బరువులెత్తొద్దన్నారట, అందుకే అట్టలు మడిచే పని, పెళ్లిచూపులు నడుస్తున్నాయట, పిల్ల దాదర్ వైపట, గోళీల సంగతి ముందే చెప్పేశాడట. వింటున్నాను, వినడం లేదు. ఎండ వాలింది, ఇస్త్రీ బండి నుంచి బొగ్గు వాసన, ఏదో రేడియోలో క్రికెట్, టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు, ఈ గల్లీ ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదు? తెలియదని రాసిపెట్టుకున్న మిగతావాళ్లందరూ గుర్తొస్తున్నారు. షోలాపూర్ వెళ్లిపోయినవాడు, మిల్లు మూతపడి బీమా పోయినవాడు, అడ్రసు దొరకని సాంగ్లీ ఆడమనిషి. వాళ్లూ ఎక్కడో చెంబెత్తి నీళ్లు తాగుతూ ఉండొచ్చు. అందరూ కాదు. అందరూ అని నేననను, మేడమ్ నేర్పింది అది కాదు. కొందరు ఉంటారు, తప్పకుండా ఉంటారు. మేం చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది, వాళ్లని ఒక్కొక్కరినీ వెతకాలి, నాకు చేయాలని ఉంది, ఎప్పుడూ లేనంత ఉంది.

నాయిన గడపలో కూర్చుని ఉన్నాడు, బీడీ ఆరిపోయినా పట్టుకునే ఉన్నాడు. లోపల మంచం మీద నర్సింహులు అటు తిరిగి పడుకున్నాడు, మా అవ్వ పొయ్యి దగ్గర. నాయినా, ఈ పిలగానికి కిడ్నీ మార్చి నాలుగేళ్లయింది, వాళ్ల అవ్వే ఇచ్చింది, ఆమె మంచిగుంది, ఇప్పుడే చూసి వస్తున్నా అన్నాను. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. నాయిన వాడిని కింద నుంచి పైదాకా చూశాడు, కట్టె నిలబెట్టేముందు చూసినట్టు. పేరేంది అన్నాడు. పెంటయ్య. నాయిన ముఖంలో ఏదో కదిలింది, పాలమూరు మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఎవరు కొన్నరు నిన్ను? శాంతాబాయి, ఏడో గల్లీ. నాయిన తల ఊపాడు. నిన్న చెప్పిన గంగారాం గురించి ఆయన అడగలేదు, నేనూ ఆ పేరు ఎత్తలేదు, ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. పెంటయ్య అడగకుండానే చొక్కా ఎత్తి చూపించాడు. పొత్తికడుపు మీద వంకరగా పాత కుట్ల గీత, పక్కన చిన్న ఎత్తు. నాయిన సిమెంటుకి పగిలిన వేలు దాని దాకా పోనిచ్చి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, ఇన్ని నెలలుగా ఆయన గుండెలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నేనని నాకు అప్పుడు తెలిసింది.

"నిజం చెప్పు బిడ్డా. ఒంటికి పోతదా?"

"మస్తు పోతది కాకా. బస్సెక్కాలంటె ముందుగాల ఆలోచన జెయ్యాలె."

లోపల మంచం మీద నర్సింహులు నవ్వాడు. నవ్వేనా అని నేను తొంగి చూశాను, నవ్వే, ఇటు తిరిగి మోచేతి మీద లేచి ఆ అబ్బాయిని చూస్తూ నవ్వుతున్నాడు. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, గ్యాలరీలో పోయేవాళ్లు చూస్తున్నా ఆయనకి పట్టలేదు. చాలాసేపటికి ముఖం తుడుచుకుని లేచాడు, గోడకున్న కొక్కెం మీది చొక్కా తీసి వేసుకున్నాడు, సంతకం ఎక్కడ పెట్టాలె, పొద్దుగాలనే పోదాం అన్నాడు. రేపు ఆదివారం నాయినా, ఆఫీసు తియ్యరు, సోమవారం దాకా ఎవరూ ఉండరు అన్నాను.

"ఉండకుంటె ఏమాయె," అన్నాడు నాయిన. "పోయి కూసుందాం."